కాలరు లేని చొక్కాలు

మా చిన్నమ్మ పైడితల్లి పోయిందన్న సంగతి నాకు ఫోన్‌లోనే తెలిసింది. యాంగోన్‌లో ఈ రోజుల్లో ఏ చావు కబురైనా అలాగే వస్తుంది, అందులో వింతేమీ లేదు. కాకపోతే ఆ కబురు వచ్చేసరికి నేను అదే ఫోన్‌లో ఒకడితో పోట్లాడుతున్నాను. వాడు నాతో బళ్లో చదువుకున్నవాడే, ఇప్పుడెక్కడో చలిదేశంలో యూనివర్సిటీలో ఉన్నాడు. మన బర్మా మీద ఆంక్షలు ఇంకా బిగించాలనీ, ఇక్కడ బట్టలు కుట్టించుకునే కంపెనీలన్నీ వెళ్లిపోవాలనీ, మామూలు జనం కొన్నాళ్లు ఓర్చుకుంటే పైనుండి ఏలే సైన్యంవాళ్లు దిగొస్తారనీ రాశాడు. పైవాళ్ల మీద నాకు వాడికంటే తక్కువ కోపమేమీ లేదు. వాడు వాళ్లని స్క్రీన్ మీద చూస్తున్నాడు, నేను వీధి మలుపులో చూస్తున్నాను. కానీ ‘కొన్నాళ్లు ఓర్చుకుంటే’ అన్న ముక్క చదవగానే నాకు ఒళ్లు మండింది. ‘ఎవరు ఓర్చుకోవాల్రా? పేరు చెప్పు’ అని కొడుతున్నాను. ఇంతలో పైనుంచి మెసేజ్ జారింది. థాయ్ సరిహద్దు ఊరు మైసోట్ నుంచి, నాకు తెలియని నంబరు, బర్మీస్‌లో: ‘అమా పైడి ఈ పొద్దున పోయారు. ఆవిడ ఫోన్‌లో మీ పేరే మొదట ఉంది.’ అమా అంటే అక్క. నేను కొడుతున్న వాక్యం సగంలో ఆగిపోయింది. వాడికి జవాబు ఇవ్వలేదు. నేను అడిగిన పేరు గురించే ఇక్కడ రాస్తున్నాను.

తాతల కాలంలోనే వచ్చి ఇక్కడ ఉండిపోయిన తెలుగువాళ్లం మేం. ఊళ్లో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైలు స్టేషన్ వెనక వీధిలో, మెట్లెక్కగా ఎక్కగా వచ్చే పొడుగాటి గది మాది. చెక్కలు అడ్డం పెట్టి దాన్నే మూడు గదులు చేసుకున్నాం. నా చిన్నప్పుడు వీధివైపు అమ్మమ్మ, ఆమె తమలపాకుల డబ్బా, చిన్న రేడియో. నడిమి గదిలో అమ్మా నాన్నా నేనూ. వెనక, వంట చేసుకునే చోటుకి ఆనుకుని చిన్నమ్మ. బాల్కనీ నుంచి వీధిలోకి తాడు వేలాడేది, దాని కొసకి క్లిప్పు, పైన చిన్న గంట. కింద ఎవరైనా తాడు లాగితే పైన గంట మోగేది, మొహింగా అనే చేపపులుసు సేమియా సంచీయో ఉత్తరమో క్లిప్పుకి తగిలించి ఉండేది, మేం పైకి లాక్కునేవాళ్లం. ఇప్పటికీ ఆ వాసనలు ముక్కులో ఉన్నాయి. చిన్నమ్మ పొద్దున్నే రాతి మీద, ఇక్కడ చందనంలా చెంపలకి పూసుకునే తనఖా చెక్క అరగదీస్తే వచ్చే చల్లటి వాసన, చింతపండు పులుసులో ఎండుచేప, మెట్ల కింద మురుగు, వీటన్నిటి మీదుగా అమ్మ జుట్టులోంచి, చిన్నమ్మ జాకెట్లలోంచి వచ్చే కుట్టుమిషన్ నూనె వాసన. ఇద్దరూ ఊరి చివర ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. వాళ్లని తీసుకెళ్లే బస్సుని ఈ ఊళ్లో ఫెర్రీ అంటారు. అది మలుపులో హారన్ కొట్టేసరికి చిన్నమ్మ నా చెంపల మీద తనఖా రెండు గుండ్రాలు పూసి, మిగిలింది తన చెంపలకి రాసుకుంటూ మెట్లు దిగిపోయేది.

వాళ్లు కుట్టేవి చొక్కాలు, అమెరికాకి పోయేవి. అయితే ఫ్యాక్టరీలో ఏ ఒక్కరూ చొక్కా కుట్టరన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అమ్మది మణికట్టు పట్టీ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎడమ పట్టీ, కుడి పట్టీ, అంతే. మా ఎదురింటావిడ సువార్తమ్మత్తది కాజాలు, బొత్తాలు. మా కింద వాటాలో ఉండే బర్మా అమ్మాయి మా ఖిన్‌ది చేతులు, పక్క కుట్లు. ఆ ‘మా’ తెలుగు మా కాదు, బర్మాలో ఆడపిల్ల పేరు ముందు పెట్టే మర్యాద. చిన్నమ్మది కాలరు. కాలరంటే లైనులో అందరికీ భయం, కొసలు రెండూ ఒక్కలా రావాలి, మెడ దగ్గర గుడ్డ ఉబ్బకూడదు. ఆ గర్వం చిన్నమ్మకి బాగా ఉండేది. ‘మీ అమ్మ సేతులకి పట్టీలేస్తాది, నేను మడిసికి తలకాయ నిలబెడతాను’ అని నా మెడ వెనక వేళ్లతో కొలిచేది. ఆ వేళ్ల కొసలు గరుకుగా, చల్లగా ఉండేవి.

ఒకరోజు వాళ్లు పట్టపగలే ఇంటికొచ్చేశారు. మధ్యాహ్నపు వెలుతురులో అమ్మని మా ఇంట్లో చూడటం నాకు కొత్త. సువార్తమ్మత్త, మా ఖిన్ కూడా మెట్ల మీదే చతికిలబడ్డారు. అమ్మమ్మ రేడియో గొంతు తగ్గించింది.

“ఏటే, ఎండలోనే వచ్చీసినారు? బస్సు పాడైపోనాదేటి?”

“బస్సు కాదమ్మా, కంపినీయే మూసీసినారు,” అంది చిన్నమ్మ. “అమెరికావోలు మన సొక్కాలు ఇంక కొనరట.”

“ఎందుకు కొనరు? కుట్లూడిపోనాయా?”

“కుట్లు బాగానే ఉన్నాయి. మన దేశాన్నేలే పెద్దోల మీద కోపమట.”

అమ్మమ్మ ఆకు నములుతూ చాలాసేపు ఆలోచించింది. “పెద్దోల మీద కోపమైతే పెద్దోలు కుట్టిన సొక్కాలు మానీమను. నా కూతుళ్లు కుట్టినవాటి మీద ఏటి కోపం?”

ఆ మాటకి అందరూ నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. మర్నాడు పొద్దున చిన్నమ్మ ఎప్పటిలాగే లేచింది, తనఖా తీసి నాకూ పూసింది, తనూ పూసుకుంది. బస్సు రాదని తెలిసీ బాల్కనీలో నిలబడింది. ఎండ ముదిరాక చెంపల మీది పూత పగుళ్లిచ్చి రాలేదాకా అలాగే నిలబడింది.

ఇంట్లోనే కుడదామన్న ఆలోచన సువార్తమ్మత్తది. ఆదివారం ప్రార్థనకి వెళ్లొచ్చి, ‘ఒలే, మనం నలుగురం కలిస్తే ఒక సొక్కా అవుతాదే’ అంది. నిజమే. వానల ముందు బళ్లు తెరుస్తారు, ఊళ్లో పిల్లలందరికీ తెల్ల చొక్కాలు కావాలి. తొక్కుడు మిషన్లు అక్కడా ఇక్కడా అడిగి తెచ్చారు, కరెంటు ఎలాగూ ఉండేది కాదు. నడిమి గదిలో వరసగా వేశారు. అప్పుడు తెలిసొచ్చింది, గుడ్డ కత్తిరించడం నలుగురిలో ఎవరికీ రాదని. ఫ్యాక్టరీలో ఆ పని వేరే షెడ్డులో మగవాళ్లు చేసేవారు. చివరికి నాన్నకున్న ఒకే ఒక మంచి చొక్కాని కుట్టు కుట్టుగా విప్పి, ముక్కల్ని కాగితం మీద పరిచి ఆనవాలు గీశారు. నాన్న నది అవతలి దలాకి వెళ్లే పడవల రేవులో మూటలు మోసి సాయంత్రం ఇంటికొచ్చేసరికి అతని చొక్కా నేలంతా పరుచుకుని ఉంది.

“అది నా పెల్లి సొక్కా,” అన్నాడు పాపం.

“మల్లీ సేసుకుంటావేటి తమ్ముడూ?” అంది సువార్తమ్మత్త తల ఎత్తకుండానే. “అప్పుడు కొత్తది కుడతాంలే. కాజాలు నావే.”

మొదటి చొక్కా నాకే తొడిగారు, వాళ్లకి దొరికిన కొలత మనిషిని నేనే. చేతులు సరిపోయాయి, పట్టీలు సరిపోయాయి. కాలరు మాత్రం నా మెడ చుట్టూ పళ్లెంలా నిలబడింది. అందులోంచి తాబేలులా తల బయటపెట్టి చూస్తున్నాను. మా ఖిన్ నవ్వి నవ్వి నేల మీద పడిపోయింది. చిన్నమ్మ మాత్రం తెల్లబోయి తన చేతులకేసి చూసుకుంది. కాగితం మీద పిల్లల కొలతే గీసుకుంది, అయినా గుడ్డ మిషన్ కిందికి వెళ్లగానే వేళ్లు వాటంతటవే పాత పొడుగుకి లాక్కెళ్లిపోయాయి. అవి ఎన్నో ఏళ్లు అమెరికా మగవాళ్ల మెడలే కుట్టాయి, వాటికి వేరే మెడ తెలియదు. “ఆలవి దున్నపోతు పీకలమ్మా, నానేటి సేసీది?” అని తనే నవ్వేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు కళ్లు మూసుకుని నా మెడ తడిమి, కళ్లు మూసుకునే కుట్టేది, కళ్లు తెరిస్తే పాత కొలతలోకి జారిపోతానని భయం.

ఆ వానాకాలం మా ఇల్లు నాకు తెలిసినంతలో ఎప్పుడూ లేనంత సందడిగా ఉంది. ముక్క మా ఖిన్ దగ్గర మొదలై అమ్మ ఒళ్లోకి, అక్కణ్ణించి చిన్నమ్మకి, చివర సువార్తమ్మత్తకి చేరేది. చూడకుండానే ఎడమచేత్తో పక్కకి అందించేవారు. ఫ్యాక్టరీలో మాట్లాడితే సూపర్‌వైజర్ అరిచేవాడు, ఇక్కడ అడ్డేముంది. సువార్తమ్మత్త కీర్తన ఎత్తుకుంటే అమ్మమ్మ దానికి పోటీగా నూకాలమ్మ పాట ఎత్తుకునేది. నేను గడప మీద కూర్చుని ఇక వీళ్లెవరూ పొద్దున్నే ఎక్కడికీ వెళ్లరు కదా అని సంతోషించేదాన్ని. కంపెనీ మూసేసిన వాళ్లెవరోగానీ మంచివాళ్లే అనుకున్నాను.

అయితే మూతపడింది ఒక్క ఫ్యాక్టరీ కాదు. ఊరి చివరంతా అలాంటివే. వాటిలోంచి బయటపడ్డ ఆడవాళ్లందరికీ తెలిసిన పని ఒకటే, వచ్చిన ఆలోచనా ఒకటే. మరుసటి ఏడు బజారులో తెల్ల చొక్కాలు గుట్టలుగా పడ్డాయి. దుకాణాలవాళ్లు మా మూట విప్పకుండానే చెయ్యి ఊపేసేవారు. ఇంట్లో అన్నం పలచబడింది, గంజి అయింది. లైనులో పనిచేసిన అమ్మాయిల పేర్లు కొన్ని మాటల్లోంచి మాయమైపోయాయి. సాయంత్రాలు దీపాలు పెట్టి పాటలు పాడించే హోటళ్లలో పనికి కుదిరారని నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పట్లో ఆ పేర్లు వస్తే అమ్మమ్మ నన్ను కిందికెళ్లి ఆడుకోమనేది. అమ్మ ఊరి నడిబొడ్డున చౌక్తడాలో ఒక ఆఫీసు మెట్లు తుడిచే పనికి పొద్దున్నే వెళ్లి, వచ్చి మిషన్ ముందు కూర్చునేది. అలా చేస్తే చెల్లెలు ఇంట్లోనే ఉంటుందని ఆమె ఆశ. ఎందుకంటే అప్పటికే దో మ్యా అనే ఆవిడ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది.

దో మ్యా పెద్దమనిషిలా ఉండేది, వచ్చినప్పుడల్లా అరటిపళ్లు తెచ్చి అమ్మమ్మ పక్కన కూర్చునేది. మైసోట్‌లో ఫ్యాక్టరీలు ఉన్నాయనీ, దాటించడం తన పూచీ అనీ చెప్పేది. పట్టీలకీ కాజాలకీ అక్కడ మనుషులు నిండిపోయారు, కాలరు వచ్చినవాళ్లయితే చేరిన రోజే పని అంది. ఇంట్లో పెళ్లి కానిది, పిల్లలు లేనిది, కాలరు వచ్చినది చిన్నమ్మ ఒక్కతే. ఎవరు వెళ్లాలో ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

వెళ్లేముందు చిన్నమ్మ ఒక మధ్యాహ్నం తన మిషన్ ముందు పీట వేసి అమ్మని పిలిచింది.

“రా అక్కా, కూకో. కాలరు నేర్పుతాను.”

“నాకొద్దు.”

“ఏటొద్దు? నానెల్లినాక ఎవులు కుడతారు?”

“అందుకే ఒద్దు.”

“సిన్నపిల్లలాగ మాటాడకు. కొసల కాడ కుట్టు ఒక్క సుట్టు తగ్గించాల, అంతే. నీకు పూట పట్టదు.”

అమ్మ రెండు చేతులూ తొడల కిందికి తోసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. “నాను నేర్సుకున్నానంటే నువ్వు బస్సెక్కీస్తావు. నాకు రాదు. నాకెప్పటికీ రాదు. కాలరు లేకపోతే సొక్కా లేదు, నువ్వెలాగెల్తావో సూస్తాను.”

మా ఖిన్ తనకొచ్చిన కాస్త తెలుగులో కలగజేసుకుంది. “అక్కా, నేర్చుకో. పైడి ఉంటే కూడా అన్నం లేదు కదా.”

“నువ్వు నోర్ముయ్యి మా ఖిన్,” అంది అమ్మ. అంత కటువుగా ఆమె ఎవరితోనూ మాట్లాడగా నేను వినలేదు. చిన్నమ్మ మొదట నవ్వింది. అమ్మ చేతులు బయటికి లాగబోయింది, అవి రాలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ పీట మీద పెనుగులాడుతుంటే అదేదో ఆటనుకుని నేనూ వెళ్లి అమ్మ వీపు మీద పడ్డాను. అప్పుడు చూస్తే చిన్నమ్మ ఏడుస్తోంది. కుట్టు నేర్పడం అక్కడితో అయిపోయింది.

బయల్దేరిన రోజు నాన్న సంచీ మోసుకుంటూ దింపాడు. అమ్మ కిందికి రాలేదు. చిన్నమ్మ వీధిలో నిలబడి పైకి చూస్తుంటే, అమ్మ బాల్కనీ నుంచి తాడు కొసకి అన్నం మూట తగిలించి నెమ్మదిగా వదిలింది. చిన్నమ్మ మూట విప్పుకుని తాడు ఒకసారి లాగింది. గంట మోగింది. అమ్మ ఆ తాడుని ఆ రోజంతా పైకి లాగలేదు. మొహింగా వాడు వచ్చి లాగినా పలకలేదు.

మర్నాడు ముగ్గురూ ఎవరి మిషన్ ముందు వాళ్లు కూర్చున్నారు. మా ఖిన్ చేతులు కుట్టి అమ్మకి అందించింది, అమ్మ పట్టీలు వేసి అలవాటుగా చూడకుండానే పక్కకి పెట్టింది. పక్కన ఎవరూ లేరు. ముక్కలు చిన్నమ్మ మిషన్ మీద ఒకదాని మీదొకటి పడుతూ పోయాయి. సువార్తమ్మత్త సూదిలో దారం ఎక్కించుకుని ఖాళీగా కూర్చుంది. సాయంత్రానికి గుట్ట అమ్మ తల ఎత్తు అయింది. ఆ గుట్టని కాలరు లేకుండానే అంచు మడిచి కుట్టి, బర్మా పద్ధతి చొక్కాలని చెప్పి అమ్మాలని చూశారు. బళ్లో టీచరు నన్ను లేపి నిలబెట్టి, నీ చొక్కాకి మెడ ఏదీ అంది. కొన్నాళ్లకి మిషన్లు ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేశారు. సువార్తమ్మత్త ఎవరింట్లోనో వంటకి కుదిరింది. మా ఖిన్ తన తల్లి ఊరికి వెళ్లిపోయింది. నలుగురితో ఒక చొక్కా అయింది కానీ, ఒకరు వెళ్లేసరికి మిగిలిన ముగ్గురూ ఏమీ కాకుండాపోయారు.

అప్పట్లో వీధి చివర గొడుగు కింద బల్ల వేసుకుని, దాని మీద టెలిఫోన్ పెట్టుకుని ఒకావిడ కూర్చునేది. చిన్నమ్మ అక్కడికి ఫోన్ చేసేది. ఎవరో ఒకరు తాడు లాగి పిలిచేవారు, అమ్మమ్మా నేనూ పరిగెత్తేవాళ్లం. అమ్మ వచ్చేది కాదు. చాలాకాలం రాలేదు. ‘నాతో మాటాడమను’ అని అటు చిన్నమ్మ అనేది, ‘వంట మీదున్నాదే’ అని ఇటు అమ్మమ్మ అబద్ధం చెప్పేది. ఒకసారి చిన్నమ్మ నాతో అంది: “నూకీ, ఇక్కడ ఏటి కుడతన్నామో తెల్సా? అయ్యే సొక్కాలే. అదే గుడ్డ, అదే గుర్తు, అదే దున్నపోతు పీక. ఊరి పేరొకటే మారింది.” ఆ మాట మీద ఆమె నవ్వింది. నేను పెద్దయ్యాకగానీ నాకది నవ్వులాట కాదని తెలియలేదు. అమెరికావాడి మెడకి చొక్కా ఒక్కరోజు కూడా తక్కువ కాలేదు. కుట్టే మనిషి మాత్రం నది దాటి, కాగితాలు లేనిదై, గేటు దాటితే పోలీసు పట్టుకుంటాడని షెడ్డులోనే పడుకుని, జ్వరమొస్తే చెప్పుకోలేక, అవే కొసలు కుట్టింది. ఇక్కడ ఉన్న సెలవు కూడా అక్కడ లేదు. ఈ శిక్షలో పైవాళ్ల మెడకి తగిలిందేమిటో నాకిప్పటికీ ఎవరూ చెప్పలేదు.

మధ్యలో కొన్ని మంచి ఏళ్లు వచ్చాయి. ఆంక్షలు ఎత్తేశారు, ఫ్యాక్టరీలు తెరిచారు, సిమ్ కార్డులు అందరికీ దొరికాయి. నా మొదటి ఫోన్‌లో నేను మొదట చూసిన ముఖం చిన్నమ్మదే. చెంపలు పీక్కుపోయి, కళ్లద్దాలు. అమ్మ ఆ ఫోన్ ముందు కూర్చుని చూసింది, చూసింది, ‘సిక్కిపోనావే’ అని మాత్రం అంది. ఇద్దరూ అంతకంటే మాట్లాడుకోలేదు, కానీ రోజూ ఫోన్ పెట్టుకుని ఎవరి వంట వాళ్లు చేసుకునేవారు. వచ్చేస్తాను, ఈ ఏడు కాగితాలు సరిచేసుకుని వచ్చేస్తాను అనేది చిన్నమ్మ. నేను ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ మీద పనికి చేరాను. ఆ తర్వాత ఏమైందో లోకానికి తెలుసు. మళ్లీ గద్దె మీద సైన్యం, మళ్లీ తుపాకులు, మళ్లీ ఆంక్షలు, బ్యాంకులకి తాళాలు. చొక్కాలు కొనే కంపెనీలవాళ్లు ఒక్కొక్కరూ చెప్పాపెట్టకుండా కొందరు, చాలా మర్యాదగా కొందరు వెళ్లిపోయారు. మా ఫ్యాక్టరీకి మర్యాదస్తుడే దొరికాడు. స్క్రీన్ మీదికొచ్చి, మీ హక్కుల కోసమే మేం బాధతో వెళ్తున్నాం అన్నాడు. నాకు నోరాగదు కదా. నా పక్క లైనులో కూర్చున్నవాళ్లకి రేపు పొద్దున తినే హక్కు ఉందా లేదా అని అడిగాను. నా మైకు కట్ చేశారు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని నన్నడిగితే, అప్పుడు మాకు తెలిసేది కాదు. ఎక్కడో ఎవరికో కోపమొచ్చింది, మా ఇంట్లో గంజి అయింది, అంతే. అమ్మమ్మ రేడియో సగం విని, సగం ఊహించేది. ఇప్పుడు అన్నీ తెలుస్తాయి. ఎవరు సంతకం పెట్టారో, ఎవరు చప్పట్లు కొట్టారో, ఏ యాప్ ‘మీ దేశంలో అందుబాటులో లేదు’ అంటుందో నిమిషనిమిషానికీ నా చేతిలో వెలుగుతుంది. తెలిసినంత మాత్రాన చిన్నమ్మ ఇంటికి రాలేదు. ఎన్నాళ్లుగానో ఊపిరి ఆడటం లేదట, మాతో మాత్రం అనలేదు. గడువు దాటిన పని అనుమతి కార్డుతో ఆస్పత్రికెళ్తే అక్కణ్ణించే పట్టుకెళ్తారని షెడ్డులోనే ఉండిపోయిందట.

దహనం వీడియో కాల్‌లో చూపించారు. మెసేజ్ పెట్టిన అమ్మాయే ఫోన్ పట్టుకుంది. మంటకంటే ఆకాశమే ఎక్కువ కనిపించింది. అమ్మ నా పక్కనే కూర్చుంది. ఏడవలేదు. అంతా అయ్యేదాకా చూసి, బర్మీస్‌లో ఆ అమ్మాయిని అడిగింది.

“నువ్వెవరమ్మా?”

“ఆవిడ పక్క మిషన్ అండీ. కాలరు. అమా పైడే నేర్పారు.”

అమ్మ ఫోన్‌కి ఇంకా దగ్గరగా జరిగింది. “ఏ ఊరు?”

“యాంగోన్‌లోనే అండీ, లైంతాయా. అక్కడి ఫ్యాక్టరీ మూసేశాక ఇలా వచ్చాను.”

“ఇంట్లో ఎవరున్నారు?”

“అక్క ఉందండీ. వెళ్లొద్దంది. నేను వచ్చేశానని కోపం. ఫోన్ ఎత్తదు.”

అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. “మీ అక్క నంబరు చెప్పు.”

ఆ అమ్మాయి చెప్పింది, నేను రాసిచ్చాను. అమ్మ ఈ కాల్ తనే కట్ చేసి, ఆ నంబరు తనే నొక్కింది. కొత్త నంబరు కదా, అటువైపు ఎత్తారు.

“నన్ను నువ్వెరగవు,” అంది అమ్మ. “మీ చెల్లి నిలబడ్డ చోట మా చెల్లి కాలుతోంది. పెట్టెయ్యకు. ఆ పిల్లకి ఫోన్ చెయ్యి.”

అవతల ఎవరో పొయ్యి మీద ఏదో వేపుతున్న చప్పుడు, చాలాసేపు. తర్వాత ఆ చప్పుడు ఆగింది, ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.